ఎక్కడానికి ఆన్, దిగడానికి ఆఫ్: ఇంగ్లీషు ప్రయాణాల్లో తోకమాటల గొడవ

ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పే వీడియోలు తెలుగువాళ్ళ మీద వదిలే మొదటి బాణం దాదాపు ఎప్పుడూ ఒకటే. "బస్సు దిగాను అనడానికి గెట్ డౌన్ అంటున్నారా? అయ్యో, అలా అనకండి! గెట్ ఆఫ్ అనాలి." పక్కన ఓ ఎర్ర ఇంటూ గుర్తు, ఓ పచ్చ టిక్కు, కాస్త వెటకారం. చూసినవాళ్ళు కాసేపు సిగ్గుపడతారు, నలుగురికి ఫార్వర్డ్ చేస్తారు, మర్నాడు ఆఫీసులో మళ్ళీ గెట్ డౌన్ అనే అంటారు.

నాకు ఆ వీడియోల మీద కోపమేమీ లేదు. గురి తప్పిందని మాత్రం అంటాను. ప్రయాణాల గురించి ఇంగ్లీషులో చెప్పే క్రియలకు చివర ఆన్, ఆఫ్, ఇన్, అవుట్, ఫర్, ఓవర్ అంటూ చిన్న మాటలు తగులుకుని ఉంటాయి. వ్యాకరణం వీటిలో కొన్నిటిని ప్రిపొజిషన్లు అంటుంది, కొన్నిటిని పార్టికల్స్ అంటుంది. మనం తోకమాటలు అనుకుందాం. వీటిలో కొన్ని తప్పినా ఎవరికీ నయాపైసా నష్టం లేదు. కొన్ని తప్పితే మాత్రం మనిషి ఒక ఊళ్ళో ఉంటే, తీసుకెళ్ళడానికి వచ్చిన కారు ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఈ రెండు రకాలనీ ఒకే గాటన కట్టి, అన్నిటికీ సమానంగా భయపెట్టడం వల్లే జనం ఏదీ నేర్చుకోకుండా పోతున్నారని నా ఫిర్యాదు.

అసలు మనకే ఎందుకు ఇంత తికమక? తెలుగులో ప్రయాణమంతా క్రియలోనే ఉంటుంది. ఎక్కు, దిగు, బయలుదేరు, చేరు, దాటు, ఆగు, సాగనంపు. బస్సు ఎక్కాను, రైలు ఎక్కాను, ఆటో ఎక్కాను, చెట్టెక్కాను, కొండెక్కాను. ఎక్కేది ఏదైనా క్రియ మారదు, ముందున్న పేరుకి ఏమీ తగిలించక్కర్లేదు. బడిలో డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని తరగతి దద్దరిల్లేలా వల్లించాం గానీ, మాట్లాడేటప్పుడు విభక్తులు సగం మింగేస్తాం. అయినా అర్థం చెడదు. బరువంతా క్రియ మోస్తుంది కాబట్టి.

ఇంగ్లీషు 'గెట్' అలాంటి క్రియ కాదు. ప్రయాణం విషయంలో దానికి సొంత అర్థమంటూ లేదు. గెట్ ఆన్ అంటే ఎక్కడం. గెట్ ఆఫ్ అంటే దిగడం. గెట్ ఇన్ అంటే కార్లోకి ఎక్కడమూ అవుతుంది, రైలు స్టేషనుకు చేరడమూ అవుతుంది. గెట్ బ్యాక్ తిరిగి రావడం, గెట్ ఎరౌండ్ ఊళ్ళో తిరగడం, గెట్ అవే పనులన్నీ వదిలి ఎటైనా పోవడం. పని చేసేది తోక. మనమేమో పుట్టినప్పటి అలవాటు కొద్దీ క్రియను గట్టిగా పట్టుకుని, తోకను విభక్తిలాగే మింగేయబోతాం.

ముందు ఇన్, ఆన్ సంగతి. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, బండి వైపు చూస్తే చాలు. లోపలికి దూరి కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయలేని బండికి ఇన్. కారు, టాక్సీ, ఆటో ఈ కోవలోవి. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండికి ఆన్. బస్సు, రైలు, విమానం, ఓడ. చెరో పక్కా కాలు వేసుకుని కూర్చునే సైకిలుకీ, బైకుకీ, గుర్రానికీ కూడా ఆన్ అనే అంటారు. ఆన్ బోర్డ్ అనేది మొదట ఓడల మాట. తర్వాత రైళ్ళకూ విమానాలకూ పాకింది. పడవల్లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. పాపికొండలకు తిప్పే రెండంతస్తుల లాంచీకి ఆన్, రేవు దాటించే నాటు పడవకి ఇన్. హెలికాప్టర్ దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషువాళ్ళే రెండూ అంటారు. ఇక ఆఫీసు వేళల్లో సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడేవాడికి ఆన్ అనే మాట ఎంత నిజమో ఎవరూ నేర్పక్కర్లేదు.

దిగేటప్పుడు ఆన్‌కి జోడీ ఆఫ్, ఇన్‌కి జోడీ అవుట్ ఆఫ్. గెట్ ఆఫ్ ద బస్, గెట్ అవుట్ ఆఫ్ ద కార్. ఈ రెండోది మన నోటికి అంత తేలిగ్గా రాదు. మన సినిమాల్లో కోపమొచ్చిన తండ్రీ, ఆఫీసు బాసూ తలుపు వైపు చూపుడువేలు పెట్టి అరిచే మాట 'గెటౌట్!' కదా. ఇంటికొచ్చిన పెద్దమనిషిని కారు దిగమని చెప్పడానికి ఆ మాట వాడాలంటే ఎవరికైనా ఇబ్బందే. అందుకని 'ప్లీజ్ గెట్ డౌన్ సార్' అంటాం. ఇందులో నాకు మర్యాద కనిపిస్తుంది.

ఇంతకీ గెట్ డౌన్ అంత పెద్ద నేరమా? కాదు. ఇది భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిపోయిన మాట. ఒక్క తెలుగువాళ్ళే కాదు, తమిళులూ కన్నడిగులూ మలయాళీలూ అందరూ అంటారు. బ్రిటన్‌లో పిల్లలు భోజనం బల్ల దగ్గరి నుంచి లేవడానికి అనుమతి అడిగేటప్పుడు ఇదే మాట వాడతారు. డాలస్‌లో బస్సు డ్రైవరుతో 'ఐ వాంట్ టు గెట్ డౌన్ హియర్' అంటే అతను క్షణం వింతగా చూసి బస్సు ఆపుతాడు. మీరు దిగుతారు. కథ అక్కడితో సరి. (ఎవరైనా పోలీసు తుపాకీ పట్టుకుని 'గెట్ డౌన్!' అని అరిస్తే మాత్రం బస్సు దిగమని కాదు, నేల మీద పడుకోమని. ఆ పరిస్థితి మీకు రాకూడదని కోరుకుంటున్నాను.) బై వాక్ కూడా ఇదే బాపతు. ఆన్ ఫుట్ అనాలి, నిజమే. బై వాక్ అన్నంత మాత్రాన ఎవరూ దారి తప్పలేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సినదాని దగ్గరికి వద్దాం. అదొక చిన్న ఫర్.

'విజయవాడ బయలుదేరాను' అని తెలుగులో అంటే విన్నవాళ్ళకి ఏమర్థమవుతుంది? మీరు విజయవాడకి వస్తున్నారని. ఏ ప్రత్యయమూ లేని ఊరి పేరు మనకు గమ్యం. విజయవాడ వెళ్ళాను, తిరుపతి బయలుదేరాం, వరంగల్ చేరాం, అన్నీ గమ్యాలే. మొదలైన చోటు చెప్పాలంటే 'నుంచి' తగిలించి తీరాలి. ఇంగ్లీషు 'లీవ్' దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 'ఐ లెఫ్ట్ విజయవాడ' అంటే నేను విజయవాడ వదిలి వచ్చేశాను. తోక లేని ఊరు వదిలిన ఊరు. గమ్యం చెప్పాలంటే ఫర్ పెట్టాలి, 'ఐ లెఫ్ట్ ఫర్ విజయవాడ' అనాలి. హైదరాబాదులో బస్సెక్కిన మనిషి 'లెఫ్ట్ విజయవాడ' అని వాట్సాప్‌లో పెట్టాడనుకోండి. విజయవాడలో ఎదురుచూస్తున్న బావగారు అది చూసి, "వచ్చి మనల్ని కలవకుండానే వెళ్ళిపోయాడా?" అని నొచ్చుకోవచ్చు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఉన్నాడనుకుని వంట మొదలుపెట్టవచ్చు. ఫర్ బదులు టు పెట్టి 'లెఫ్ట్ టు విజయవాడ' అన్నవాడు వ్యాకరణం తప్పినా ఊరు తప్పలేదు, అతన్ని నేను క్షమించేస్తాను. అసలు ఏమీ పెట్టనివాడితోనే ప్రమాదం.

దీనికి చెల్లెలు లాంటిది ఇంకోటుంది. ఎక్కడున్నావని ఫోన్ చేస్తే 'దారిలో ఉన్నాను' అంటాం. 'లో' అంటే ఇన్ కదా అని 'ఐ యామ్ ఇన్ ద వే' అంటే, 'నేను అడ్డంగా ఉన్నాను' అని అర్థం వస్తుంది. ఆన్ ద వే అనాలి. ఈ మాట చాలామంది సరిగ్గానే అంటారు, ఎందుకంటే రోజుకి నాలుగుసార్లు వింటారు. నాలుగుసార్లు విన్న తోక దానంతటదే నోటికొస్తుందని ఇక్కడే తెలుస్తోంది.

అరైవ్, రీచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రీచ్‌కి తోకే లేదు. చేరాను అన్నట్టే, 'రీచ్డ్ వరంగల్'. 'రీచ్డ్ టు వరంగల్' అనేది 'వరంగల్‌కి' లోని 'కి' చేసిన పని. అరైవ్‌కి మాత్రం తోక కావాలి. స్టేషనుకీ, ఎయిర్‌పోర్టుకీ, హోటలుకీ ఎట్, ఊరికీ దేశానికీ ఇన్. అయితే ఊరే అయినా, దాన్ని ప్రయాణంలో ఒక మజిలీగా చూస్తే ఎట్ వస్తుంది. రైలు ఖాజీపేటలో ఆగిందంటే ఎట్ ఖాజీపేట, ఖాజీపేటలో పదేళ్ళున్నామంటే ఇన్ ఖాజీపేట. ఇది నాకు నచ్చే తేడా. మనం ఆ ఊరిని ఎలా చూస్తున్నామో తోకే చెప్పేస్తుంది.

మనం తెలుగులో కలిపేసుకున్న మాటలు ఇంకో రకం చిక్కు తెస్తాయి. పికప్, డ్రాప్, చెకిన్, చెకౌట్, టేకాఫ్. ప్రైవేటు బస్సు టికెట్టు కొనేటప్పుడు 'పికప్ ఎక్కడ, డ్రాపింగ్ ఎక్కడ' అని అడగనివాళ్ళు ఎవరు? ఇవి ఇప్పుడు తెలుగు మాటలే, నామవాచకాలే. వీటికి 'చేయి', 'అవు' తగిలించి క్రియలు చేసుకుంటాం. నన్ను పికప్ చేసుకో, ఇంటి దగ్గర డ్రాప్ చెయ్యి, హోటల్లో చెకిన్ అయ్యాం. తెలుగులో హాయిగా ఉంది. ఇంగ్లీషులోకి తిరిగి వెళ్ళేటప్పుడు చూడండి, పిక్, అప్ అనే రెండు ముక్కలు మన బుర్రలో అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి 'పికప్ మి' అని వస్తుంది. ఇంగ్లీషువాడు ఆ రెంటినీ విడదీసి మధ్యలో మనిషిని కూర్చోబెడతాడు. 'పిక్ మి అప్', 'డ్రాప్ అస్ ఆఫ్', 'సీ హిమ్ ఆఫ్'. మనిషి పేరుంటే ముందైనా వెనకైనా పరవాలేదు, మి, హిమ్, అస్ లాంటి సర్వనామం ఉంటే మాత్రం మధ్యలోనే. అలాగని బండెక్కడానికి ఇదే సూత్రం వాడి 'గెట్ ఇట్ ఆన్' అనకండి. 'గెట్ ఆన్ ఇట్' అనాలి. మొదటిదానికి ఉన్న అర్థం ఇక్కడ రాసేది కాదు.

మా పిన్ని డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళే ముందు ఇమిగ్రేషన్ ప్రశ్నలకు జవాబులు ప్రాక్టీసు చేయించమంది. దోహాలో విమానం మారాలి. డైనింగ్ టేబుల్ మీద గోరుచిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడ, ఎదురుగా ఆఫీసరు వేషంలో నేను. ఇన్, ఆన్ తేడా చెప్పాను. శ్రద్ధగా విని అడిగింది.

"ఏరా, ఎయిర్‌పోర్టులో మోకాళ్ళ నొప్పులవాళ్ళని తిప్పే చిన్న బండి ఉంటుందిగా, దానికేమిటి? ఇన్నా, ఆన్నా?"

"ఏదైనా ఒకటే పిన్నీ. ముందు ఎక్కి కూర్చో."

"మరి నాకిదంతా ఎందుకు చెప్పావురా అరగంట నుంచీ?"

సమాధానం లేదు. అందుకని అవసరమైన ప్రశ్నకే వచ్చాను. "ఎవరి దగ్గర ఉంటారు?" అని ఇంగ్లీషులో అడిగాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బాబాయి పాతకాలం ఇంగ్లీషు నేర్పి ఉంచాడు ఆవిడకి. పుట్ అప్ అంటే బస చేయడం. తప్పేం కాదు, ఒకప్పుడు సత్రాల్లో దిగడానికి బ్రిటన్‌లోనూ వాడిన మాటే. దానికి 'కొడుకుతో' కలిపేసరికి 'ఐ యామ్ పుటింగ్ అప్ విత్ మై సన్' అయింది. పుట్ అప్ చివర విత్ అనే రెండో తోక చేరితే అర్థం పూర్తిగా మారిపోతుంది. 'మా అబ్బాయిని ఓర్చుకుంటూ నెట్టుకొస్తున్నాను' అవుతుంది. అర్థం చెప్పగానే బాబాయి పేపరు దించి, "అందులో అబద్ధమేముంది?" అన్నాడు. చివరికి 'స్టేయింగ్ విత్ మై సన్' దగ్గర స్థిరపడ్డాం. దోహాకి 'చేంజింగ్ ప్లేన్స్ ఎట్ దోహా' అన్నాను. ఆవిడ 'వయా దోహా' చాలదా అంది. చాలు. ఆ మాట రైల్వేవాళ్ళు మనకి ఎప్పుడో నేర్పారు.

'ఎట్' అనగానే గుర్తొచ్చే ఘోరం ఒకటుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లో, టెనెరిఫె దీవిలోని లాస్ రోడియోస్ విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి వెళ్ళాల్సిన విమానాలు చాలా ఈ చిన్న విమానాశ్రయానికి మళ్ళాయి. దానికి తోడు దట్టమైన పొగమంచు. డచ్చివాళ్ళ కేఎల్ఎం సంస్థ విమానం టేకాఫ్ అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. ఆ సమయంలో దాని కోపైలట్ రేడియోలో అన్న మాట దర్యాప్తు నివేదికలో 'వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అని ఉంది. కంట్రోల్ టవర్‌లో మనిషి దాన్ని 'టేకాఫ్ చేయాల్సిన చోట సిద్ధంగా ఉన్నాం' అనుకున్నాడు. విమానమేమో అప్పటికే కదిలింది. డచ్చి భాషలో జరుగుతున్న పనిని చెప్పడానికి ఎట్ లాంటి చిన్న మాట వాడే పద్ధతి ఉంది. ఆ అలవాటే ఇంగ్లీషులోకి జారి, 'టేకింగ్ ఆఫ్' అనాల్సిన చోట 'ఎట్ టేకాఫ్' అనిపించిందని భాషా పరిశోధకుల వివరణ. టవర్ నుంచి 'ఓకే' అని, కాస్త ఆగి, 'స్టాండ్ బై ఫర్ టేకాఫ్, ఐ విల్ కాల్ యూ' (టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను) అన్నారు. సరిగ్గా అప్పుడే రన్‌వే మీద ఉన్న రెండో విమానం, అమెరికా సంస్థ పాన్ యామ్‌ది, మాట్లాడడంతో రెండు ప్రసారాలూ కలిసిపోయి కేఎల్ఎం కాక్‌పిట్‌లో గీమనే చప్పుడు వినిపించింది. ఓకే ఒక్కటే స్పష్టంగా చేరింది.

ప్రమాదానికి కారణం ఒక ప్రిపొజిషన్ అని నేను అనను. కెప్టెన్ తొందర ఉంది, మంచు ఉంది, రేడియో ఉంది. నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాత చేసిన మార్పు. పైలట్లందరికీ ప్రిపొజిషన్లు బాగా నేర్పేద్దాం అని ఎవరూ అనుకోలేదు. టేకాఫ్ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడూ, ఇచ్చిన అనుమతి రద్దు చేసేటప్పుడూ తప్ప పలకకూడదని నియమం పెట్టారు. మిగతా అన్ని చోట్లా డిపార్చర్ అనాలి. అంటే ప్రమాదమున్న చోట తోక ఉన్న మాటని పక్కనపెట్టి, తోక లేని మాట ఎంచుకున్నారు.

మామూలు ప్రయాణికులూ ఈ పని చేయవచ్చు. బస్సు, రైలు, విమానం దగ్గర గెట్ ఆన్ బదులు 'బోర్డ్'. అరైవ్ ఎట్, అరైవ్ ఇన్ బదులు 'రీచ్'. గెట్ బ్యాక్ బదులు 'రిటర్న్' (రిటర్న్ బ్యాక్ కాదు, బ్యాక్ అందులోనే ఉంది). కాస్త పుస్తకాల భాషలా వినిపిస్తుంది, నిజమే. కారుకి బోర్డ్ అని ఎవరూ అనరు కూడా. అయినా అర్ధరాత్రి తెలియని ఊళ్ళో టెన్షన్ పడుతూ టాక్సీవాడితో మాట్లాడేటప్పుడు సొగసు ఎవడికి కావాలి?

నేర్చుకోవాలనే కోరిక ఉన్నవాళ్ళకి మాత్రం నాదొక సలహా. పుస్తకాల్లో గెట్ కింద ఇరవై, సెట్ కింద పది, టేక్ కింద పదిహేను అని క్రియల వారీగా జాబితాలుంటాయి. వాటిని తిరగేసి తోకల వారీగా రాసుకోండి. ఆఫ్ తీసుకోండి. సెట్ ఆఫ్, టేక్ ఆఫ్, గెట్ ఆఫ్, డ్రాప్ ఆఫ్, సీ ఆఫ్. ఇల్లు వదిలి బయలుదేరడం, నేల వదిలి ఎగరడం, బస్సు వదిలి దిగడం, మనిషిని దించి వదిలేయడం, స్టేషనుకెళ్ళి సాగనంపడం. ఐదింటిలోనూ అంటుకుని ఉన్నదేదో విడిపోతోంది. ఈ విడిపోవడం ఒక్కసారి కంటికి కనిపిస్తే, ఆరోది ఎదురైనప్పుడు నిఘంటువు తీయక్కర్లేదు. ఓవర్‌లో ఇంత చక్కటి ఏకత్వం దొరకదు. స్టాప్ ఓవర్ దారిలో మజిలీ, పుల్ ఓవర్ బండిని రోడ్డు పక్కకి తీసి ఆపడం. అప్ అయితే మరీ మొండిది, పిక్ అప్‌కీ హోల్డ్ అప్‌కీ ఎండ్ అప్‌కీ చుట్టరికం కలపబోతే తలనొప్పి తప్ప ఏమీ రాదు. అలాంటివాటిని విడివిడిగా నేర్చుకోవడమే.

పుల్ ఓవర్‌ని మాత్రం అమెరికా వెళ్ళే పిల్లలు విమానం ఎక్కక ముందే నేర్చుకోవాలి. వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయంటే పుల్ ఓవర్ చేయాలి. ఇక్కడ మనం ట్రాఫిక్ పోలీసు ఆపగానే బండి దిగి, కాగితాలు పట్టుకుని, "సార్, సార్" అంటూ ఆయన దగ్గరికి నడుస్తాం. అక్కడ ఆ పని చేయకూడదు. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టుకుని కార్లోనే కూర్చోవాలి. 'స్టెప్ అవుట్ ఆఫ్ ద కార్' అంటేనే దిగాలి, 'స్టే ఇన్ ద కార్' అంటే కదలకూడదు. అవుటా, ఇన్నా అన్నది అక్కడ చాలా పెద్ద విషయం.

అర్థమైతే చాలు కదా, ఇంత చర్చ దేనికి అనేవాళ్ళతో నేను ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. మిగిలిన పాతిక, విదేశాలకు వెళ్ళడానికి ఐఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళది. పరీక్షలో గెట్ డౌన్ మర్యాద ఎవరికీ కనబడదు, వ్యాకరణానికి విడిగా మార్కులుంటాయి. రాసేవాళ్ళు గెట్ ఆఫ్ అనే రాయండి, ఆన్ ఫుట్ అనే రాయండి, అరైవ్ పక్కన టు పెట్టకండి. పరీక్ష హాలు బయట ఫర్ ఒక్కటి మర్చిపోకుండా ఉంటే, మిగతావాటికి బస్సు డ్రైవర్లు సర్దుకుంటారు.